ములాఖత్ భారం ఎవరిది?

అమలాపురంలో పుట్టి పెరిగిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా నాగపూర్ సెంట్రల్ జైల్లో ఉండగా, 2020 ఆగస్టు 1న ఆయన తల్లి సూర్యవతి క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమెను ఆఖరిసారి చూసుకోవడానికి పెట్టుకున్న అర్జీలు ఫలించలేదు. పోయాక కర్మకాండకైనా పంపమని అడిగితే దానికీ ఒప్పుకోలేదు. ఐదేళ్ల వయసులో పోలియో సోకి, తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీ మీద ఆధారపడ్డ మనిషి ఆయన. అంతకుముందు తల్లి ములాఖత్‌కి వచ్చినప్పుడు మధ్యలో ఉన్న ఫైబర్ గ్లాసు కిటికీలోంచి ఆమె ముఖం సరిగా కనిపించలేదని జైలునుంచి రాశారు. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణ మీద 2014 మేలో అరెస్టు, 2017 మార్చిలో యావజ్జీవ శిక్ష. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కేసు కొట్టేస్తే మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. చివరికి 2024 మార్చి 5న అదే హైకోర్టు రెండోసారి నిర్దోషి అని తేల్చింది. బయటికొచ్చిన ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన పోయారు. ఆయన రాజకీయాలతో ఎవరు ఏకీభవిస్తారు, ఎవరు ఏకీభవించరు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. జైల్లో పోయిన ఏళ్లకి పరిహారం ఇవ్వాలా వద్దా అని కోర్టుల్లో వాదించుకోవచ్చు. తల్లి దగ్గర ఉండాల్సిన ఆ ఆఖరి రోజుల్ని మాత్రం ఏ తీర్పూ వెనక్కి తెచ్చివ్వలేదు.

సాయిబాబా పేరు దేశానికి తెలుసు కాబట్టి ఈ సంగతి మనదాకా వచ్చింది. కోనసీమ నుంచి రాజమండ్రి సెంట్రల్ జైలుకి వెళ్లే మామూలు మనుషుల ఇళ్లలో ఏం జరుగుతోందో పత్రికలకెక్కదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జైల్లో ఉన్న మనిషిని ఇంటివాళ్లు కలుసుకోవడం, మాట్లాడడం చట్టం ఒప్పుకున్న హక్కు. కానీ ఆ హక్కు వాడుకోవడానికయ్యే ఖర్చంతా, అంటే ప్రయాణం, పోయిన కూలి, ఎక్కడ ఎవరిని అడగాలో తెలియక తిరిగే తిరుగుళ్లు అన్నీ, ఏ నేరమూ మోపని మనుషుల నెత్తిన పడుతున్నాయి. ఎవరిని ఏ జైల్లో పెట్టాలో నిర్ణయించేది ప్రభుత్వం. ఆ నిర్ణయంతో పుట్టే దూరాన్ని భరించాల్సింది కూడా ప్రభుత్వమే.

హక్కు అన్న మాట ఊరికే వాడడం లేదు. 1894 నాటి జైళ్ల చట్టాన్ని వలస పాలకులు రాశారు. ఖైదీల మీద జాలితో రాసింది కాదది. అలాంటి చట్టం కూడా 40వ సెక్షన్‌లో, విచారణలో ఉన్న ఖైదీలను తగిన వేళల్లో, తగిన నియమాలతో బయటివాళ్లు కలుసుకునే ఏర్పాటు ఉండి తీరాలంది. వకీలుతో మూడో మనిషి లేకుండా మాట్లాడుకునే వీలు కల్పించాలని కూడా అందులోనే ఉంది. 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉన్న నక్సలైటు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడని సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అందులో ప్రతివాది. 1981లో వచ్చిన ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ తీర్పు ఇంకా ముందుకెళ్లింది. ముందస్తు నిర్బంధ చట్టం కింద తీహార్‌లో పెట్టిన ఒక మహిళకి, ఐదేళ్ల కూతుర్ని నెలకి ఒక్కసారే చూడనిచ్చారు. విచారణ ఖైదీలకేమో వారానికి రెండుసార్లు. ఈ తేడా చెల్లదని జస్టిస్ భగవతి కొట్టేశారు. కుటుంబాన్ని, స్నేహితుల్ని కలుసుకోవడం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమన్నారు. ఆ మాట అని నలభై ఏళ్లు దాటింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లోనూ రిమాండు ఖైదీకి సాధారణంగా వారానికి రెండు ములాఖత్‌లుంటాయి. కాగితం మీద కొరత ఏమీ లేదు.

కాగితం నుంచి కోనసీమకి వద్దాం. మూడువైపులా గోదావరి పాయలు, ఒకవైపు సముద్రం. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను మంజూరై పాతికేళ్లవుతున్నా, పట్టాలు కోటిపల్లి దగ్గరే ఆగిపోయాయి. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రికి బస్సులో అరవై కిలోమీటర్లకి పైనే. రాజోలు నుంచి ఇంకా ఎక్కువ. పి.గన్నవరం మండలంలో జి.పెదపూడిలంక, బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి ఊళ్లవాళ్లయితే వరద రోజుల్లో ముందు పడవ దాటితే గాని బస్సు దాకా రాలేరు. కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరు బయల్దేరితే ఇద్దరి కూలి పోయినట్టే. కొబ్బరి దింపు, వలుపు పనుల్లో వెళ్లిన రోజుకే డబ్బు. రానుపోను చార్జీలు, తిండి, లోపలివాడి క్యాంటీన్ ఖర్చుకి కట్టే నాలుగు వందలో ఐదు వందలో దానికి కలపండి. ఇంత చేసి వెళ్తే కిటికీ దగ్గర ఆధార్ చూపించి పేరు రాయించుకోవాలి. పిలుపు వచ్చేదాకా బయట కూర్చోవాలి. ఆరోజు సెలవని తెలియక వెళ్లినవాళ్లు, కేసు వాయిదాకి మనిషిని ఇంకో ఊరు తీసుకెళ్లారని గేటు దగ్గర తెలుసుకున్నవాళ్లు వెనుదిరగాలి. లోపలికి వెళ్తే జాలీకి అటూ ఇటూ నిలబడి మాట్లాడాలి. పక్కన మరో పది కుటుంబాలూ అదే పని మీద ఉంటాయి. ఎవరి మాట వాళ్ల మనిషికి వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. అందరూ గొంతు పెంచాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వకీలు ఫీజు సంగతి, పిల్ల పెళ్లి సంగతి, మందుల సంగతి ఆ గోలలోనే తేలాలి. వారానికి రెండుసార్లు అన్న హక్కు ఇలాంటి ఇంటికి నెలకి ఒకసారి అందితే గొప్ప.

ఇందులో చాలామంది గమనించని మార్పు ఒకటుంది. పూర్వం రిమాండు ఖైదీని ప్రతి వాయిదాకీ కోర్టుకి తెచ్చేవారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టు వరండాలే కోనసీమ పేదలకి అసలైన ములాఖత్ గదులు. పక్కన కానిస్టేబుల్ ఉన్నా సరే, భార్య పక్కన నిలబడి రెండు మాటలు మాట్లాడేది, పిల్లాణ్ణి చేతికందించేది. 2008లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కి చేసిన సవరణతో జ్యుడీషియల్ రిమాండు పొడిగింపుని వీడియోలో కానివ్వొచ్చని దేశమంతటా వచ్చింది. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్నే ఉంచింది. ఎస్కార్టు ఖర్చు తగ్గింది, పారిపోతారన్న భయం తగ్గింది, పోలీసులకి వెసులుబాటు వచ్చింది. తప్పుబట్టడానికేమీ లేదు. కాని ఆ మిగులంతా ప్రభుత్వానికి దక్కింది. సొంతూరి కోర్టులో మనిషిని చూసుకునే అవకాశం కుటుంబానికి పోయింది. పోయినదానికి బదులు ఏమిస్తారని ఎవరూ అడగలేదు. దూరాన్ని వీడియోతో జయించడం ప్రభుత్వానికి చేతనైనప్పుడు, అదే తెర ముందు తల్లిని పది నిమిషాలు ఎందుకు కూర్చోబెట్టలేరు?

ఈ మాట అనగానే మొదట వచ్చే అభ్యంతరం మనకి తెలిసిందే. తప్పు చేసి లోపలికి వెళ్లినవాడికి ఇన్ని సౌకర్యాలా అని. ముందు లెక్క చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై ఐదు మందికి పైగా తప్పు చేశారని ఇంకా ఏ కోర్టూ అనలేదు. కోనసీమకే వస్తే, ముమ్మిడివరం మండలం ఠాణేలంక యువకుడొకరు 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డి మీద జరిగిన దాడి కేసులో అరెస్టయ్యాడు. హైకోర్టు బెయిలిచ్చింది 2024 ఫిబ్రవరి 8న. ఐదేళ్లకి పైగా గడిచినా విచారణ ముగియలేదు. ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చాలి, మనం కాదు. కాని తీర్పు రాకుండానే దాదాపు ఐదేళ్లపాటు రాజమండ్రి, విశాఖ జైళ్ల చుట్టూ తిరిగింది ఒక లంక గ్రామంలోని పేద దళిత కుటుంబం. చివరికి 2024 జనవరిలో తల్లి విజయవాడలో నిరాహార దీక్షకి కూర్చుంది. అలాగే 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన అల్లర్లు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, అది తీవ్రమైన నేరమే. అరెస్టయిన కుర్రవాళ్లని రాజమండ్రి జైలుకి పంపారు. అదే సమయంలో కోనసీమలో ఇంటర్నెట్‌ని రోజుల తరబడి ఆపేశారు. కొడుకుని ఏ స్టేషన్లో పెట్టారో, ఏ జైలుకి పంపారో కనుక్కోవడం ఆ తల్లిదండ్రులకి అలాంటి రోజుల్లో ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అరెస్టు సంగతి ఇంటివాళ్లకి తెలియజేయాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఇప్పుడు చట్టంలోనే ఉంది. తర్వాత అప్పటి ప్రభుత్వమే ఆ అల్లర్ల కేసుల ఉపసంహరణకి పూనుకుంది. కేసు వెనక్కి తీసుకోవచ్చు, ఆ వారాలు ఆ ఇళ్లు పడ్డ అవస్థని ఎవరు వెనక్కి తీసుకుంటారు?

ఇక శిక్ష పడినవాళ్ల సంగతి. కోర్టు వేసే శిక్ష స్వేచ్ఛ తీసేయడం వరకే. ఖైదీ కూతురు తండ్రిని చూడకూడదని ఏ జడ్జీ తీర్పులో రాయడు. పైగా ఇది ఖైదీ సుఖం కోసమే అనుకోవడం పొరపాటు. ఏదో ఒకరోజు అతను మన ఊరికే తిరిగొస్తాడు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్ర జైళ్ల శాఖ 2003 నుంచి 2007 దాకా విడుదలైన 16,420 మందిని గమనించి 2011లో నివేదిక ఇచ్చింది. ఒక్కసారైనా ములాఖత్ అందినవాళ్లు మళ్లీ నేరం చేసి శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువని అందులో తేలింది. మంచి కుటుంబం ఉన్నవాళ్లనే చూడ్డానికి వస్తారు కదా, తేడా ములాఖత్‌ది కాదు కుటుంబానిది కదా అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. పరిశోధకులు వయసు, నేర చరిత్ర లాంటివాటి ప్రభావాన్ని లెక్క కట్టి పక్కన పెట్టారు గాని, మనిషి ఇంటి వాతావరణాన్ని పూర్తిగా కొలవడం ఎవరి వల్లా కాదు. అయినా వాదం మారదు. కుటుంబమే మనిషిని నిలబెడుతుందంటే, ఆ కుటుంబాన్ని జైలు గేటుకి దూరం చేసే పని ప్రభుత్వం ఎందుకు చేయాలి? మన సుప్రీంకోర్టు కూడా 2017 సెప్టెంబరు 15న, జైళ్లలో అసహజ మరణాల మీద విచారిస్తూ, ములాఖత్‌ల సమయం, సంఖ్య పెంచాలని, కుటుంబంతోనూ వకీలుతోనూ ఫోన్, వీడియో ద్వారా మాట్లాడించే మార్గాలు చూడాలని రాష్ట్రాలకి చెప్పింది. ఆత్మహత్యల్ని ఆపే మందుల్లో ఇంటి మాట ఒకటని కోర్టు గుర్తించింది.

ప్రాణం నిలిపిన ఫోన్ మన తెలుగువాళ్లకే అనుభవం. 2020 జులైలో మహారాష్ట్రలోని తలోజా జైలు నుంచి కవి వరవరరావు హైదరాబాద్‌లోని భార్యకి ఫోన్ చేశారు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు. ఎప్పుడో డెబ్బై ఏళ్ల కిందటి తండ్రి అంత్యక్రియల గురించి ఇప్పుడే జరుగుతున్నట్టు మాట్లాడారు. కుటుంబం వెంటనే పత్రికల ముందుకొచ్చింది, కొద్ది రోజుల్లోనే ఆయన్ని ఆసుపత్రికి తరలించారు, కోవిడ్ ఉన్నట్టు తేలింది. జైల్లో పట్టించుకోని సంగతిని అంత దూరం నుంచి ఆయన గొంతు విని భార్య పట్టుకుంది. ఎవరి పేరూ తెలియని ఖైదీ విషయంలోనూ జరిగేది ఇదే. మనిషి చిక్కిపోతున్నాడో, ఎవరైనా కొడుతున్నారో, బెయిలు వచ్చినా పూచీకత్తు లేక ఆగిపోయాడో ముందు తెలిసేది ఇంటివాళ్లకే.

రెండో అభ్యంతరం భద్రత. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. గంజాయి లోపలికి వెళ్లడం, లోపలినుంచే సాక్షుల్ని బెదిరించడం నిజంగా ఉన్న సమస్యలు. ముఖ్యంగా దళితుల మీద దాడుల కేసుల్లో, ఇంట్లో ఆడవాళ్ల మీద హింస కేసుల్లో, నిందితుడి ఫోన్ బాధితురాలి ఇంట్లో మోగిందంటే దాని అర్థం వేరు. అందుకే ప్రతి ఖైదీకీ ముందుగా ఒప్పుకున్న కొన్ని నంబర్లే ఉండాలి. బాధితులు, సాక్షులు ఆ జాబితాలో ఉండకూడదు. ఒక ఖైదీకి ములాఖత్ ఆపాలంటే అధికారి కారణం కాగితం మీద రాయాలి. వచ్చినవాళ్లని సోదా చేసే అధికారం 1894 చట్టంలోనే 41వ సెక్షన్ ఇచ్చింది. కాని ఇంకో వైపు కూడా చూడాలి. దొంగచాటు సెల్‌ఫోన్‌కి గిరాకీ ఎక్కడినుంచి వస్తోంది? ఇంటికి ఫోన్ చేసుకునే దారి చట్టప్రకారం సరిగా లేనిచోట దొంగఫోన్‌కి ధర పలుకుతుంది. జైలు ఫోన్‌లో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో లెక్క ఉంటుంది. గోడమీంచి వచ్చినదానికి ఏ లెక్కా ఉండదు. భద్రత కోరేవాళ్లే మొదటిదాన్ని పెంచమని అడగాలి.

భద్రత పేరు చెప్పి ఏదీ కుదరదనే అధికారులకి 2023 సెప్టెంబరు గుర్తుచేయాలి. చంద్రబాబు నాయుడు రాజమండ్రి జైల్లో ఉన్నప్పుడు, ఆ నెల 14న పవన్ కల్యాణ్, బాలకృష్ణ, లోకేశ్ ములాఖత్‌లో ఆయన్ని కలిశారు. బయటికొచ్చి జైలు ముందే పొత్తు ప్రకటించారు. రాష్ట్ర రాజకీయం మారిపోయింది. అది ఆయన హక్కు, దక్కాల్సిందే. అంత జనం మధ్య, అంత ఒత్తిడిలో జైలు శాఖ ఆ పని సజావుగా చేయగలిగిందంటే, రాజోలు నుంచి వచ్చిన ముసలమ్మకి కూర్చోవడానికి నీడ, వినపడే ఇంటర్‌కామ్, ఎప్పుడు రావాలో ముందే చెప్పే ఒక ఫోన్ నంబరు ఏర్పాటు చేయడం దాని శక్తికి మించిన పని కాదు.

వీడియోతోనే అన్నీ తీరిపోతాయన్న ఆశ కూడా నాకు లేదు. కోవిడ్ కాలంలో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు వీడియోలో కలిపే ఈ-ములాఖత్ చాలామందికి ఆసరా అయింది. కాని దానికి స్మార్ట్‌ఫోన్ కావాలి, పోర్టల్లో పేరు నమోదు కావాలి, సిగ్నల్ కావాలి. అంబాజీపేట సెంటర్లో కంప్యూటర్ షాపువాడికి డబ్బిచ్చి నమోదు చేయించుకోవాలంటే అది మళ్లీ కుటుంబం నెత్తినే పడుతుంది. అమెరికాలో కొన్ని కౌంటీ జైళ్లు వీడియో కాల్స్ పెట్టి నేరుగా కలిసే ములాఖత్‌ల్ని ఎత్తేశాయి, కాల్‌కింత అని ప్రైవేటు కంపెనీలు వసూలు చేసుకున్నాయి. ఆ దేశంలోనే కనెక్టికట్ 2021లో, తర్వాత కాలిఫోర్నియా జైలు ఫోన్లని ఉచితం చేస్తూ చట్టాలు తెచ్చాయి. మనం మొదటి తప్పు చేయకుండా రెండోదాని నుంచి నేర్చుకోవచ్చు. తెరమీద చూడడం నేరుగా చూడడానికి అదనంగా ఉండాలి. పసిబిడ్డని తెర ముందు పెడితే తండ్రి ఎత్తుకున్నట్టు కాదు.

కోనసీమవాళ్లకి రాజమండ్రే దూరమైతే, కువైట్, దుబాయ్ జైళ్ల సంగతి వేరే చెప్పాలా. రాజోలు, పి.గన్నవరం ప్రాంతాల నుంచి ఇళ్లల్లో పనికి గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్లు కేసుల్లో ఇరుక్కుంటే ఏ జైల్లో ఉన్నారో తెలియడానికే కొన్నిసార్లు నెలలు పడుతుంది. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు వలస కార్మికులు సుమారు పద్దెనిమిదేళ్లు దుబాయ్ జైల్లో గడిపి 2024లో ఇల్లు చేరారు. అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేట్‌కి చెప్పాలని, కాన్సులర్ అధికారి జైలుకి వెళ్లి కలవొచ్చని 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం అంటుంది. ఆ అధికారి జైలుకి వెళ్లొచ్చిన సంగతి ఊళ్లో ఉన్న తల్లికి తెలుగులో చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. భాష సంగతి దేశం లోపలా అంతే. సాయిబాబాకి తెలుగులో ఉత్తరాలు రాసే వీల్లేక భార్యాభర్తలు ఇంగ్లీషులో రాసుకోవలసి వచ్చిందని కుటుంబం చెప్పింది. తనిఖీ చేసేవాడికి భాష రాకపోతే అనువాదకుణ్ణి పెట్టుకోవాలి గాని ఉత్తరాన్ని ఆపకూడదు.

ఖైదీల్ని వీలైనంతవరకు సొంతూరికి దగ్గర్లో పెట్టాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 59వది అంటుంది. కొత్తపేట, రాజోలు, ముమ్మిడివరం లాంటి చోట్ల సబ్‌జైళ్లున్నాయి. చిన్న కేసుల్లో రిమాండైనవాళ్లని అక్కడే ఉంచడం, అందుకు కావలసిన సిబ్బందిని, గదుల్ని ఇవ్వడం జైళ్ల శాఖ చేతిలో పని. రాజమండ్రికి పంపక తప్పనివాళ్ల కోసం అవే సబ్‌జైళ్లలోనో, కోర్టు ఆవరణలోనో ఒక గది, ఒక తెర, సాయం చేయడానికి ఒక మనిషి ఉంటే చాలు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో మండల న్యాయసేవా కమిటీలు ఎలాగూ ఉన్నాయి. ఆ మనిషిని వాటినుంచే ఇవ్వొచ్చు, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడకుండా, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లోనే గడిపినవాళ్లకి నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద బెయిలు అడిగే దారి కూడా అదే గదిలో చెప్పొచ్చు. ఆదివారం ములాఖత్ పెడితే కూలివాళ్లకి ఒక రోజు కూలి మిగులుతుంది. పేద కుటుంబానికి నెలకి ఒకసారి ఇద్దరికి ఆర్టీసీ పాసు ఇస్తే, రిమాండు ఖైదీల్ని బస్సెక్కించి తిప్పకుండా వీడియోతో ప్రభుత్వం మిగుల్చుకుంటున్న ఎస్కార్టు ఖర్చులో అది ఎన్నో వంతో జైళ్ల శాఖే లెక్క వేసి చెప్పాలి. రిమాండు పొడిగించడానికి పనికొస్తున్న వీడియో లైనుని వారంలో రెండు మధ్యాహ్నాలు కుటుంబాలకి వదలడానికి కొత్త చట్టం అక్కర్లేదు, హైకోర్టూ జైళ్ల శాఖా కలిసి ఇచ్చే ఒక ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు కోసం కోనసీమ ఎమ్మెల్యేలు, అమలాపురం ఎంపీ, బార్ అసోసియేషన్లు ఇవాళే ఉత్తరం రాయొచ్చు.